వీసా గడప దాకే!

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు తమ కాగితాల్లో ఏముందో తామే తెలుసుకోవాలి. సత్తుపల్లి ప్రాంతం నుంచి విదేశీ ప్రయాణాలపై ముఖచిత్ర కథనం

వేసవి దగ్గర పడుతుంటే సత్తుపల్లి, పెనుబల్లి, వేంసూరు, దమ్మపేట, అశ్వారావుపేట వైపు చాలా ఇళ్లలో రెండు లెక్కలు నడుస్తుంటాయి. పామాయిల్ గెలల ధర ఎంత పలుకుతోందన్నది ఒకటి. పిల్లల దగ్గరికి వెళ్లడానికి ఇంకా ఎన్నాళ్లుందన్నది రెండోది. సింగరేణి ఓపెన్‌కాస్టు గనిలో చేసి రిటైరైన ఆయన, బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆవిడ, నాలుగెకరాల తోట చూసుకునే రైతు... వీళ్ల కొడుకో కూతురో డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, లండన్‌లోనో ఉంటారు. ‘‘కోడలికి ఏడో నెల. మేం వెళ్లక తప్పదు’’ అన్న మాటతో పాస్‌పోర్టు ఫైలు బీరువాలోంచి బయటికి వస్తుంది.

ఆ తర్వాత జరిగేదంతా దాదాపు ఒకే తీరు. అక్కడ రాత్రి పిల్లాడు ఆఫీసు పని ముగించుకుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతాడు. ఇక్కడ పొద్దున్నే వాట్సాప్‌లో ప్రశ్నలు వస్తాయి. ‘‘నాన్నా, నీ రిటైర్మెంట్ ఏ సంవత్సరం?’’, ‘‘అమ్మా, తాతయ్య పుట్టిన ఊరు ఏం రాయాలి?’’ చివరికి ప్రింటు తీసిన కాగితాల కట్ట నాన్న చేతికి వస్తుంది. అందులో ఏముందో ఆయన చదవడు. కాన్సులేట్ కౌంటర్లో గాజుపలక వెనకున్న అధికారి మాత్రం ప్రశ్న కొడుకుని అడగడు, నాన్ననే అడుగుతాడు. ‘‘అన్నీ మావాడే చూసుకున్నాడండీ’’ అన్న జవాబు అక్కడ చెల్లదు. విదేశీ ప్రయాణంలో మన పెద్దలు పడే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క మాటే.

హక్కు ఎక్కడి దాకా?

దేశం దాటి వెళ్లడం పౌరుడి హక్కని చెప్పిన తీర్పు వెనక ఒక తెలుగు న్యాయమూర్తి ఉన్నారు. రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు తీర్పు వెలువడింది. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. దానికంటూ ఒక చట్టమే లేదు. విదేశీ ప్రయాణం రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోవడం కుదరదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. పర్యవసానంగా అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసు ఆ హక్కును మరింత గట్టిపరిచింది.

అయితే ఆ హక్కు శంషాబాద్‌లో మన ఇమిగ్రేషన్ కౌంటర్ దాటేవరకే. అవతలి దేశంలోకి ఎవరిని రానివ్వాలన్నది పూర్తిగా ఆ దేశం ఇష్టం. వీసా ఇవ్వకపోతే ‘ఎందుకివ్వలేదు’ అని నిలదీసే వీలు సందర్శకుడికి చాలాచోట్ల ఉండదు. కట్టిన రుసుమూ తిరిగి రాదు.

సరిహద్దు సంగతి సత్తుపల్లికి ఒకరు చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఇది నిజాం రాజ్యానికి తూర్పు అంచు. అవతల బ్రిటిష్ ఏలుబడిలోని కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలు. సరకు దాటిస్తే కరోడ్‌గిరి సుంకం కట్టాల్సిందే. 1956లో చెరిగిపోయిన ఆ గీత 2014 జూన్ 2న రెండు తెలుగు రాష్ట్రాల మధ్య మళ్లీ వచ్చింది. రోజూ చింతలపూడి, తిరువూరు వెళ్లొచ్చేవాళ్లకు అది పట్టింపే లేదు. 2020 లాక్‌డౌన్‌లో మాత్రం ఈ-పాస్ లేనిదే ఆ గీత దాటనివ్వలేదు. సొంత దేశంలో, సొంత భాష మాట్లాడేవాళ్ల మధ్యే అలా జరిగినప్పుడు, పరదేశం తన సరిహద్దు దగ్గర ఎంత పట్టుగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మొదటి పరీక్ష పేరుతోనే

సత్తుపల్లివాసులకు దగ్గర్లోని పాస్‌పోర్టు సేవా కేంద్రం ఖమ్మం తపాలా కార్యాలయంలో ఉంది. దేశంలో ఎక్కడి నుంచైనా దరఖాస్తు చేసుకునే వీలు 2018 జూన్‌లో వచ్చింది కాబట్టి విజయవాడ దగ్గరనుకునేవాళ్లు అటూ వెళ్లొచ్చు. ఎక్కడ ఇచ్చినా పోలీసు విచారణ మాత్రం దరఖాస్తులో రాసిన చిరునామాకే వస్తుంది. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము రూ.1,500. అరవై దాటినవారికి కొత్త పాస్‌పోర్టు రుసుములో పది శాతం తగ్గింపు ఉంది.

పాస్‌పోర్టు తీసుకోవడం ఇప్పుడు కష్టమేం కాదు. అందులో పేరు సరిగా ఉండటమే కష్టం. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే. పదో తరగతి సర్టిఫికెట్లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పట్టాదారు పాసుపుస్తకంలో తండ్రి పేరుతో కలిపి మరో తీరు, పింఛను కాగితాల్లో ఇంకో తీరు. ఆడవాళ్లకైతే పుట్టింటి పేరొకచోట, అత్తింటి పేరొకచోట. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. మొత్తం పేరును ఒకే గడిలో రాయించి రెండోది ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద సొంత పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. సొంత పేరు తెలియదని దాని భావం. ఇక విమాన టికెట్టు, బీమా, అక్కడి రికార్డులు అన్నింట్లోనూ ఆ మూడక్షరాలే మీ పేరవుతాయి. వీసాకు వెళ్లకముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నిండేలా దిద్దించుకోవడమే దీనికి మందు.

పుట్టిన తేదీది మరో తంటా. పాత తరంలో బడిలో వేసిన రోజున పంతులుగారు రాసిందే పుట్టినరోజు. అందుకే జులై 1న పుట్టినవాళ్లు మన ఊళ్లలో అంతమంది! ఆధార్‌లో ఒకటి, సర్వీసు రిజిస్టరులో ఒకటి ఉంటే ముందు వాటిని ఒక దారికి తేవాలి. పుట్టిన ఊరు దగ్గరా తికమకే. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో. అంతకుముందు పుట్టినవారికి అది వరంగల్ జిల్లా. 2014 దాకా తీసుకున్న పాస్‌పోర్టుల్లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం విడిపోవడంతో అశ్వారావుపేట, దమ్మపేట అటు వెళ్లాయి, సత్తుపల్లి ఖమ్మంలోనే ఉండిపోయింది. వీసా దరఖాస్తులో ఇవేవీ మీకు తోచినట్టు రాయకూడదు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి.

చెన్నై నుంచి నానక్‌రామ్‌గూడకు

ఇరవై ఏళ్ల కిందట అమెరికా వీసా అంటే మనవాళ్లు చెన్నై రైలెక్కాల్సిందే. జెమిని సర్కిల్ దగ్గరున్న కాన్సులేట్ ముందు తెల్లవారుజామునే ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ తెలుగు తల్లిదండ్రులు ఆ తరానికి బాగా గుర్తు. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో హైదరాబాద్ కాన్సులేట్ తెరుచుకుంది. స్వాతంత్య్రం తర్వాత మన దేశంలో అమెరికా తెరిచిన మొదటి కాన్సులేట్ అదే. 2023 మార్చి 20న అది నానక్‌రామ్‌గూడలో 34 కోట్ల డాలర్లతో కట్టిన సొంత ప్రాంగణానికి మారింది. వేలిముద్రలు, ఫొటో ఇచ్చేది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో. సత్తుపల్లిలో రాత్రి బస్సెక్కితే పొద్దున్నే దిగొచ్చు. కొందరు చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు కూడా చేసి వస్తారు. మొక్కు తప్పేం కాదు. దాంతోపాటు డీఎస్‌-160 కూడా ఒకసారి చదువుకుంటే మంచిది.

డీఎస్‌-160 అంటే ఆన్‌లైన్ దరఖాస్తు. ఎక్కడ ఉంటారు, ఎవరు ఖర్చు పెడతారు, ఇదివరకు వీసా నిరాకరించారా, అమెరికాలో అయినవాళ్లు ఎవరున్నారు, గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలేంటి... అన్నీ అడుగుతుంది. కింద సంతకం లాంటి బటన్ నొక్కింది కొడుకైనా, చట్టం దృష్టిలో ఆ మాటలన్నీ తండ్రివే. దరఖాస్తు వేరెవరైనా నింపితే ఆ సంగతి చెప్పడానికీ అందులో చోటుంది. కావాలని అబద్ధం చెప్పారని తేలితే ఆ ఒక్క దరఖాస్తు పోవడంతో ఆగదు. అమెరికా చట్టం అలాంటివారికి శాశ్వతంగా తలుపు మూసేయగలదు.

సందర్శకుల బి-1/బి-2 వీసా రుసుము 2023 జూన్ నుంచి 185 డాలర్లు. 2025 జులైలో అమెరికా చేసిన చట్టంలో దీనికి అదనంగా 250 డాలర్ల రుసుము వేసే నిబంధనా ఉంది. అందుకే కట్టబోయే రోజున ఎంత ఉందో అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. పెద్దవాళ్లకు సంబంధించిన మరో మార్పు 2025 సెప్టెంబరు 2 నుంచి అమల్లోకి వచ్చింది. 79 ఏళ్లు దాటినవారికి అంతకుముందు ఇంటర్వ్యూ మినహాయింపు ఉండేది. ఇప్పుడు సాధారణంగా వాళ్లూ రావాల్సిందే. పూర్తి కాలపు వీసా గడువు తీరి ఏడాది దాటకుండా పునరుద్ధరణ కోరేవారికి మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు మిగిలింది.

‘త్వరగా స్లాట్ ఇప్పిస్తాం’ అనే ఏజెంట్ల జోలికి వెళ్లొద్దు. కొవిడ్ తర్వాత సందర్శక వీసా కోసం ఏడాదికి పైగా ఎదురుచూడాల్సి వచ్చిన రోజుల్లో ఈ దందా బాగా పెరిగింది. సాఫ్ట్‌వేర్ బాట్లతో పట్టేసిన దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లను 2025 మార్చిలో అమెరికా రాయబార కార్యాలయం రద్దు చేసింది. ఏజెంటుకు ఇచ్చిన డబ్బూ పోయింది, స్లాటూ పోయింది.

ఆ రెండు నిమిషాలు

ఇంటర్వ్యూ సాధారణంగా కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. హైదరాబాద్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. రాని ఇంగ్లిష్‌తో కుస్తీ పట్టాల్సిన పనిలేదు. సెల్‌ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి పిల్లాడి చిరునామా, ఉద్యోగం, కంపెనీ పేరు నోటికి రావాలి.

అమెరికా వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. సందర్శక వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశంతో వస్తున్నాడని అధికారి ముందే అనుకోవాలని అది చెబుతుంది. అలా కాదని నమ్మించాల్సిన బాధ్యత అడిగేవారిదే. అందుకే ‘ఎన్ని రోజులుంటారు?’, ‘మీకు ఇంకా పిల్లలున్నారా?’, ‘ఇక్కడ ఏం చేస్తారు?’ అన్న ప్రశ్నలు పడతాయి. తోట, పింఛను, ఇక్కడే ఉన్న పెద్ద కూతురు, వచ్చే కార్తీకంలో పెట్టుకున్న పెళ్లి... తిరిగొచ్చే కారణాలు ఇవే. పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు కాగితాలు బస్తా నింపి తీసుకెళ్లినా అధికారి చాలాసార్లు చూడడు. ఆయన వినేది మీ మాట. ఆ మాట దరఖాస్తులో ఉన్నదానితో కలవాలి. మూడు నెలలని దరఖాస్తులో రాసి, ‘ఆర్నెల్లు ఉంటామండీ’ అని కౌంటర్లో చెబితే చిక్కు అక్కడే మొదలవుతుంది.

కోడలి కాన్పుకు వెళ్తున్నారా? అదే చెప్పండి. మనవడిని చూడటానికి, కొన్నాళ్లు కుటుంబంతో ఉండటానికి వెళ్లడం సందర్శక వీసాకు తగిన కారణమే. అక్కడ ఎవరి ఇంట్లోనైనా డబ్బు తీసుకుని వంట చేయడం, పిల్లల్ని చూడటం మాత్రం ఉద్యోగం కిందికి వస్తుంది. ఆ వీసాకు అది నిషిద్ధం.

214(బి) కింద నిరాకరిస్తే అది జీవితకాల మచ్చేం కాదు. పరిస్థితి మారాక మళ్లీ దరఖాస్తు చేయొచ్చు. కాకపోతే తర్వాతి దరఖాస్తులో ‘ఇంతకుముందు నిరాకరించారా?’ అన్నచోట అవుననే రాయాలి. 221(జి) కాగితం ఇస్తే మరికొన్ని పత్రాలో, పరిశీలనో మిగిలి ఉందని అర్థం.

అసలు తేదీ ఐ-94లో

భారతీయులకు అమెరికా సందర్శక వీసా సాధారణంగా పదేళ్లకు వస్తుంది. పదేళ్లు ఉండొచ్చని కొందరు, ఏడాదికి ఆర్నెల్లు హక్కని ఇంకొందరు అనుకుంటారు. రెండూ పొరపాటే. ఆ పదేళ్లలో వెళ్లి తలుపు తట్టడానికి అనుమతి ఉందన్నంత వరకే దాని అర్థం. తలుపు తీసేది విమానాశ్రయంలోని సరిహద్దు అధికారి. ఎన్నాళ్లుండాలో రాసేదీ ఆయనే. ఆ రాతే ఐ-94. విమానంలో వచ్చేవారికి 2013 నుంచి ఇది కాగితం రూపంలో చేతికి రాదు, ఆన్‌లైన్‌లో ఉంటుంది. దిగిన మర్నాడే పిల్లలతో తెరిపించి పేరు, తేదీ సరిచూసుకోవాలి. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. తక్కువా ఇవ్వొచ్చు.

ఇంకా ఉండాల్సి వస్తే ఆ తేదీ దాటకముందే ఐ-539 దరఖాస్తు పెట్టాలి. ఒక్కరోజు అదనంగా ఉన్నా ఉన్న వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి తిరిగొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. పదేళ్ల వీసా చేతిలో ఉందన్న ధీమాతో ఈ తేదీని మరిచిపోయేవాళ్లు నష్టపోతారు.

‘ఒకసారి వెళ్లొస్తే ఆర్నెల్ల దాకా మళ్లీ వెళ్లకూడదట’ అన్నది మరో ప్రచారం. అలాంటి లెక్క చట్టంలో లేదు. కాకపోతే ఆర్నెల్లు ఉండి, ఇంటికొచ్చి నెల తిరక్కుండానే మళ్లీ వెళ్తే ‘మీరు అక్కడే కాపురముంటున్నారా?’ అనే అనుమానం అధికారికి రావడం సహజం. అబుదాబీ మీదుగా వెళ్లే ప్రయాణికుల్లో చాలామందికి ఈ ప్రశ్నలు అమెరికాలో దిగకముందే ఎదురవుతాయి. అక్కడి విమానాశ్రయంలో అమెరికా అధికారులే 2014 నుంచి ముందస్తు తనిఖీ చేస్తున్నారు.

పెద్దవాళ్లు చాలామంది వీల్‌చైర్ సాయం అడుగుతారు. మంచిదే. అయితే కుర్చీ తోసే మనిషి మీ తరఫున జవాబు చెప్పడు. భాష రాకపోతే తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఏం అడిగారో అర్థం కాకుండా ‘యెస్’ అని తలూపడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

పెట్టెలో ఏముంది?

ఆవకాయ సరే, కరివేపాకు కుదరదు. పచ్చి కరివేపాకుతో నిమ్మజాతి తోటలకు తెగులు పాకుతుందని అమెరికా దాన్ని రానివ్వదు. పచ్చి పండ్లు, విత్తనాలు, మొక్కల మీదా ఆంక్షలున్నాయి. కోడి, మేక మాంసం పచ్చళ్లు, ఎండు మాంసం తీసుకెళ్లొద్దు. తినే వస్తువు ఏదున్నా డిక్లరేషన్‌లో ‘ఉంది’ అనే చెప్పాలి. చెప్పి చూపిస్తే కుదరనిదాన్ని తీసి పారేసి పంపిస్తారు. దాచి దొరికితే జరిమానా. పదివేల డాలర్లకు మించి నగదు ఉంటే అదీ చెప్పాల్సిందే.

దుబాయ్, దోహా మీదుగా వెళ్లేవాళ్లు, అక్కడే దిగేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. మన వంటింట్లోని గసగసాలు యూఏఈ, ఖతార్, సౌదీ, సింగపూర్‌లలో నిషిద్ధం. మత్తుమందుల చట్టం కింద కేసు అవుతుంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులకూ యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి. మందులు ఏవైనా డాక్టరు చీటీతో, కంపెనీ ప్యాకింగ్‌తోనే ఉండాలి. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని ‘మా అబ్బాయికి ఇవ్వండి’ అన్నారని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు.

వైద్య బీమా అన్ని దేశాలూ అడగవు. అమెరికా అడగదు. అడగకపోయినా తీసుకోవాలి. బీపీ, షుగరు లాంటి పాత జబ్బులకు సందర్శకుల పాలసీలు చాలావరకు పరిమితంగానే చెల్లిస్తాయి. ఆ షరతు చదివాకే పాలసీ కొనాలి.

యూరప్, ఆసియా దారులు

యూరప్‌లో 29 దేశాలకు కలిపి ఒకటే షెంజెన్ వీసా. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ‘ఫలానా దేశం తేలిగ్గా ఇస్తుందట’ అని అక్కడ అడిగి, దిగేది ఇంకోచోటైతే ప్రశ్నలు తప్పవు. 2025 అక్టోబరు 12న అక్కడ వేలిముద్ర, ఫొటోతో రాకపోకలను నమోదు చేసే విధానం మొదలైంది. పాస్‌పోర్టుపై ముద్ర చూసి రోజులు లెక్కపెట్టే పని ఇక కంప్యూటర్‌ది. బ్రిటన్ షెంజెన్‌లో లేదు. దానికి వీసా వేరు, ఐర్లాండ్‌కు వేరు.

ఆసియాలో దారులు కొంత సులువు. థాయ్‌లాండ్ 2023 నవంబరులో మనకు వీసా ఎత్తేసి, 2024 జులైలో గడువును 60 రోజులకు పెంచింది. 2025 మే 1 నుంచి దిగడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే నకిలీదే. మలేసియా 2023 డిసెంబరు నుంచి 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది, దానికీ అరైవల్ కార్డు ఉంది. సింగపూర్‌కు మాత్రం వీసా కావాలి. ఇలాంటి సడలింపులు ఒక్క ప్రకటనతో వస్తాయి, ఒక్క ప్రకటనతో పోతాయి. టికెట్టు కొనే రోజున మరోసారి చూసుకోవాలి. సింగపూర్, మలేసియా, యూఏఈ లాంటి దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి.

పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు నేపాల్ వెళ్లేవారికి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ లాంటి ఇతర కార్డులతో వెళ్లే వీలు 15 ఏళ్ల లోపు, 65 దాటినవారికే. బృందంలో 60 ఏళ్లవాళ్లు ఆధార్ ఒక్కటే పట్టుకెళ్తే విమానాశ్రయంలోనే ఆగిపోతారు. 2025 వేసవిలో మళ్లీ మొదలైన కైలాస మానససరోవర యాత్రకైతే పాస్‌పోర్టు, చైనా వీసా రెండూ కావాలి.

విజిట్ వీసా మీద ఉద్యోగమా?

ఈ అధ్యాయం తల్లిదండ్రులకన్నా కుర్రాళ్లకు, గోదావరి జిల్లాల నుంచి, మన సరిహద్దు పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకు ఎక్కువ అవసరం. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ కోవలోకి వస్తుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ మహిళలకు కనీసం 30 ఏళ్లు ఉండాలి. ఇది వేధింపు కోసం పెట్టిన అడ్డంకి కాదు. జీతం ఎంత, యజమాని ఎవరు అన్నది రికార్డులో ఉండటానికి పెట్టిన రక్షణ. సందర్శకులకు ఈ అనుమతి అక్కర్లేదు. ఏజెంట్లు వాడుకునేది ఈ సందునే. ‘ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక మార్పిస్తా’ అంటారు. వెళ్లాక ఒప్పందం ఉండదు, ఫిర్యాదు చేద్దామంటే తామే అక్రమంగా ఉన్నట్టు తేలుతుంది.

ఇటీవల ఈ మోసం తూర్పు దిక్కుకు మళ్లింది. కంప్యూటర్ ఉద్యోగమని థాయ్‌లాండ్ రప్పించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల డేరాల్లో బంధించారు. 2025 మార్చిలో భారత వైమానిక దళ విమానాల్లో వెనక్కి తెచ్చిన 549 మందిలో తెలుగు రాష్ట్రాల యువతా ఉన్నారు. కంబోడియాలోనూ అదే జరిగిందని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. వీసా లేకుండా వెళ్లగలిగే దేశమైనంత మాత్రాన అక్కడ ఉద్యోగం చేయొచ్చని కాదు. విమానం ఎక్కే ముందే పని వీసా చేతిలో లేకపోతే ఎక్కొద్దు.

మనవడే విదేశీయుడు

అమెరికా గడ్డపై పుట్టి అక్కడి పాస్‌పోర్టు ఉన్న మనవడు తాతగారి ఊరు రావాలంటే వాడికి మన దేశపు వీసా కావాలి. సత్తుపల్లి బేతుపల్లి చెరువు చూడాలన్నా వాడు విదేశీ సందర్శకుడే! వీసాకు బదులు చాలామంది తీసుకునేది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. ఇది మొదట అందింది మన హైదరాబాద్‌లోనే. 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి కార్డులు అందించారు. జీవితాంతం ఎన్నిసార్లైనా రావొచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు. ఓటు మాత్రం ఉండదు.

పిల్లల అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్లకే చెల్లుతుంది. కొత్తది తీసుకున్న ప్రతిసారీ దాని వివరాలు ఓసీఐ పోర్టల్‌లో చేర్చాలి. ఇరవై ఏళ్లు నిండాక కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు కార్డును ఒకసారి మార్పించుకోవాలి. ఓసీఐ తీసుకునే వ్యవధి లేకపోతే ఈ-వీసా ఉంది. తాతకు బాగాలేదని కబురొచ్చిన రాత్రి వీటి కోసం పరుగెత్తకుండా బిడ్డ పుట్టిన ఏడాదిలోనే ముగించుకోవడం మంచిది.

కొడుకు అమెరికా పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వ చట్టం ప్రకారం ఆ క్షణంలోనే భారత పౌరసత్వం పోతుంది. పాత భారత పాస్‌పోర్టు అప్పగించాలి. దాన్ని ఇంకా వాడితే నేరం. సత్తుపల్లి వైపు రైతు కుటుంబాలు మరీ ముఖ్యంగా గమనించాల్సింది భూమి సంగతి. ఓసీఐ ఉన్నవారు ఇక్కడ ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా రావొచ్చు. పౌరసత్వం మారాక ‘నాన్నా, పక్క రెండెకరాలు నా పేర పెట్టు’ అంటే రిజిస్ట్రేషన్ దగ్గరికి పోకముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

బయల్దేరే ముందు

• పాస్‌పోర్టు, వీసా, టికెట్టులో పేరు ఒకటేనా? పాస్‌పోర్టు గడువు ఎంతుంది?
• దరఖాస్తు ప్రింటును ఇంట్లో ఎవరితోనైనా తెలుగులో చదివించుకున్నారా?
• పిల్లల చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాసి చేతిసంచిలో పెట్టుకున్నారా?
• మందులు, డాక్టరు చీటీ, బీమా పత్రం చేతిసంచిలోనే ఉన్నాయా? చెకిన్ పెట్టెలో పెడితే అవసరానికి అందవు.
• మధ్యలో దిగే దేశంలో బయటికి వెళ్లాల్సి వస్తే అక్కడి వీసా ఉందా? రెండు వేర్వేరు టికెట్లయితే ఈ ప్రశ్న తప్పదు.
• వీసా రుసుము, అరైవల్ కార్డు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టారా, నింపారా?
• దిగిన మర్నాడు తిరిగి రావాల్సిన తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టాలని పిల్లలకు చెప్పారా?

పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నల దరఖాస్తు మీరే నింపండి, తప్పులేదు. నింపాక ఒక ఆదివారం వీడియో కాల్‌లో మొదటి పేజీ నుంచి చివరి దాకా వాళ్లకు చదివి వినిపించండి. అమ్మానాన్నలకూ ఒక మాట. ‘మావాడే చూసుకున్నాడు’ అనే ముందు ఆ కాగితాన్ని ఒకసారి మీరు చూడండి. వీసా మీ పేరున వస్తుంది. దానిమీద అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందీ మీరే.